తొలి ఏడాది కార్నర్‌బ్యాక్ మీద మన తొందరపాటు తీర్పులు

ఎమాన్యుయెల్ ఫోర్బ్స్ పేరెత్తితే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వాషింగ్టన్ కమాండర్స్ అభిమానులు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. 2023 డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ఏటా జరిగే కార్యక్రమం) మొదటి రౌండ్‌లో, 16వ స్థానంలో, జట్టు ఏరికోరి తెచ్చుకున్న కార్నర్‌బ్యాక్, అంటే డిఫెన్సులో అంచున కాపలా కాసేవాడు, అతను. రెండో సీజను పూర్తికాకుండానే, 2024 నవంబరు 30న, అదే జట్టు అతన్ని వదిలేసింది. "మేం ముందే చెప్పాం" అనేవాళ్లకు ఆ రోజు పండగే. నా పేచీ అంతా ఆ "ముందే" దగ్గరే. 2023 అక్టోబరు మొదటి వారానికి, అంటే కుర్రాడు ఐదు మ్యాచ్‌లు ఆడేసరికి, అతని పని అయిపోయిందని తేల్చేశారు. ఆ తర్వాత చేసిందల్లా ఆ తీర్పుకు సాక్ష్యాలు ఏరుకోవడమే.

ఫోర్బ్స్ బాగా ఆడాడని వాదించడానికి ఇది రాయడం లేదు. ఆడలేదు. తొలి ఏడాది పాస్ కవరేజీలో, అంటే విసిరిన బంతి ప్రత్యర్థికి అందకుండా కాపలా కాయడంలో, చావుదెబ్బలు తిన్నాడు. కానీ ఆ దెబ్బల్లో అతని వాటా ఎంత, అతన్ని అక్కడ నిలబెట్టినవాళ్ల వాటా ఎంత, ఆ స్థానం సహజంగానే వసూలు చేసే సుంకం ఎంత అన్న లెక్క ఎవరూ వేయలేదు. లెక్క వేయకుండా విసిగిపోయేవాడి విసుగుకు నా దగ్గర విలువ లేదు.

నేనుండేది వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. కమాండర్స్ ప్రధాన కార్యాలయం, సాధన మైదానం ఈ ఊళ్లోనే ఉన్నాయి. లౌడన్ కౌంటీలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఇక్కడి దుకాణాల్లో గోంగూర కట్టల గుట్టలు చూస్తేనే తెలిసిపోతుంది. మాది క్రికెట్‌తో పెరిగిన తరం. సోమవారం బడిలో పిల్లలకు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని ఆదివారాలు ఈ ఆట పెట్టడం మొదలుపెట్టాం. పిల్లలు వీడియో గేముల్లో పడిపోయారు, మేం మాత్రం ఇందులో ఇరుక్కుపోయాం. అభిమానం వచ్చినంత వేగంగా ఆట లోతుపాతులు రాలేదు కాబట్టి మా తిట్లు ఎప్పుడూ బంతి ఎక్కడ పడితే అక్కడికే వెళతాయి. బంతి పడే చోట కనిపించే మొదటి మనిషి కార్నర్‌బ్యాక్.

ఈ ఆట అంతగా చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. రిసీవర్ పరుగెత్తి పట్టుకుంటాడు. ఆ రిసీవర్‌ను మైదానం అంచున అంటిపెట్టుకుని, బంతి అందకుండా చేయడం కార్నర్‌బ్యాక్ పని. ఎటు పరుగెత్తాలో, ఎక్కడ మలుపు తిరగాలో రిసీవర్‌కు ముందే తెలుసు. కార్నర్‌కు తెలియదు. పైగా అతను వెనక్కి పరుగెత్తుతూ మొదలుపెట్టాలి. ఎదుటివాడి నడుము ఎటు తిరుగుతోందో చూసి, ఆ క్షణంలో తన నడుము తిప్పుకోవాలి. మన కబడ్డీలో మూలన నిలబడే కుర్ర డిఫెండర్‌ను గుర్తుచేసుకోండి. రైడర్ కాలు ముందుకు వేసినట్టు చేయగానే మడమ మీద పడిపోతాడు. ఆ కాలు అక్కడ ఉండదు, రైడర్ పాయింటు తీసుకుని గీత దాటిపోతాడు. ఏ ఊరి జట్టులోనైనా ఆ కుర్రాడికి బలం లేక కాదు అలా జరిగేది. ఎప్పుడు ఆగాలో ఒంటికి పట్టడానికి చాలా కూతలు వినాలి.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దీనికి తోడు టీవీ చేసే అన్యాయం ఒకటుంది. మామూలు ప్రసారంలో కెమెరా క్వార్టర్‌బ్యాక్ చుట్టూనే ఉంటుంది. ఆట మొదలైన వెంటనే కార్నర్‌బ్యాక్ తెర అంచు దాటి వెళ్లిపోతాడు. అతను రిసీవర్‌ను ఎలా అడ్డుకున్నాడో, మొదటి మలుపులో మోసపోయాడో లేదో, పక్కన సాయంగా రావలసిన సేఫ్టీ (అందరికన్నా వెనక కాపలా కాసే ఆటగాడు) వచ్చాడో రాలేదో మనకు కనిపించదు. బంతి గాల్లోకి లేచాక కెమెరా దాని వెంట వెళ్లి, రిసీవర్ పట్టుకునే ఆఖరి సెకనులో అతన్ని చూపిస్తుంది. ఆ ఒక్క సెకనులో అతను ఎప్పుడూ ఆలస్యంగా వచ్చినవాడిలాగే ఉంటాడు. 22 మందీ కనిపించే పైనుంచి తీసిన ఫిల్ము ఇప్పుడు డబ్బు కట్టినవాళ్లందరికీ దొరుకుతోంది. అది చూడడం మొదలుపెట్టాక నా నోరు సగం మూతపడింది. మిగతా సగం, ఇదిగో, ఇలా రాయడానికి ఉంచుకున్నాను.

2023 అక్టోబరు 1న ఫిలడెల్ఫియాలో ఈగిల్స్‌తో మ్యాచ్. వాళ్ల రిసీవర్ ఏ.జె. బ్రౌన్ 9 క్యాచ్‌లు, 175 గజాలు, 2 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం). వాషింగ్టన్ అదనపు సమయం దాకా లాక్కెళ్లి 34-31తో ఓడింది. నాలుగు రోజులకే, గురువారం రాత్రి, సొంత మైదానంలో షికాగో బేర్స్. అంతకుముందు వరుసగా 14 మ్యాచ్‌లు ఓడిన జట్టది. సగం ఆటకే స్కోరు షికాగోకు అనుకూలంగా 27-3. వాళ్ల రిసీవర్ డి.జె. మూర్ 8 క్యాచ్‌లతో 230 గజాలు, 3 టచ్‌డౌన్లు కొట్టాడు. ఫోర్బ్స్‌ను ఆట మధ్యలోనే తీసి బెంచ్ మీద కూర్చోబెట్టారు. తర్వాతి వారం అట్లాంటాలో అతను స్టార్టర్ల వరసలో లేడు.

ఆ గురువారం మా వీధిలోని బాబాయి గారింట్లో చూశాం. బాబాయి నాకు వరసకు కాదు, వయసుకు. గుంటూరు నుంచి వచ్చి పాతికేళ్లకు పైగా ఇక్కడే ఉన్నారు, జట్టు పేరు రెండుసార్లు మారినా ఆయన టోపీ మారలేదు. మూర్ రెండో టచ్‌డౌన్ కొట్టగానే చేతిలోని మిర్చి బజ్జీ పళ్లెంలో పడేసి, "ఈ పుల్లలాంటి కుర్రాడిని మొదటి రౌండ్‌లో తెచ్చినవాడెవడు అబ్బాయ్?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. ఆలోచిస్తే ఆ రాత్రి వినిపించిన మాటల్లో సరైన మాట అదొక్కటే. ప్రశ్న తెచ్చినవాడి గురించి. తిట్లు మాత్రం రాత్రంతా తెచ్చుకోబడినవాడికే వెళ్లాయి. మూర్ కొట్టిన 230 గజాలూ ఫోర్బ్స్ ఖాతాలోవే కావు. అయినా మర్నాటికి అన్నీ అతని పేరునే రాసేశారు.

పుల్ల అన్న మాట చూద్దాం. డ్రాఫ్ట్‌కు ముందు జరిగే కొలతల్లో ఫోర్బ్స్ బరువు 166 పౌండ్లు, అంటే సుమారు 75 కిలోలు. 40 గజాలు 4.35 సెకన్లలో పరుగెత్తాడు. మిసిసిపీ స్టేట్‌లో మూడేళ్లలో 14 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన బంతిని మధ్యలోనే పట్టేయడం) తీసి, అందులో 6 నేరుగా టచ్‌డౌన్లుగా మార్చాడు. కాలేజీ ఫుట్‌బాల్ పై శ్రేణిలో అది రికార్డు. ఎదురుగా ఉన్న బ్రౌన్ బరువు 226 పౌండ్లు. తేడా 60 పౌండ్లు, మన లెక్కలో 27 కిలోలు, ఒక బియ్యం బస్తా కన్నా ఎక్కువ. ఫిల్ములో చూస్తే ఫిలడెల్ఫియాలో అతను తప్పిపోయి ఎక్కడో తిరిగిన ఆటలే కాకుండా, బ్రౌన్ పక్కనే ఉండి కూడా భుజం ముందు ఓడిపోయిన ఆటలూ ఉన్నాయి. ఈ రెండూ ఒకే ఖాతాలో వేయదగ్గ తప్పులు కావు. మొదటిది నేర్చుకుంటే పోతుంది. రెండోది పోదు, పోవాలని ఎదురుచూడడం కూడా తెలివితక్కువ. దానికి మందు అతన్ని బ్రౌన్‌కు ఎదురుగా ఒంటరిగా పెట్టకపోవడం. ఈ కుర్రాడు దూరంగా నిలబడి, క్వార్టర్‌బ్యాక్ కళ్లు చదివి, బంతి మీదికి దూకే రకం. అతని 14 ఇంటర్‌సెప్షన్లు చూసి తెచ్చుకుని, వాటిని తెచ్చిపెట్టిన అలవాటుకు చోటులేని పనుల్లో పెడితే, ఆ తర్వాత వచ్చే ఫలితం గురించి ఎవరిని అడగాలి?

2023 వేసవిలో సాధన శిబిరాన్ని జనానికి తెరిచి ఉంచిన రోజుల్లో వెళ్లి కంచె దగ్గర నిలబడ్డాను. స్టార్ల దగ్గర గుంపు ఎక్కువని కార్నర్లు సాధన చేసే మూలకు జరిగాను. కోచ్ చేతిలో బంతి పట్టుకుని నిలబడతాడు. కుర్రాళ్లు మోకాళ్లు వంచి, వీపు నిటారుగా, చిన్న చిన్న అడుగులతో వెనక్కి వెళుతుంటారు. కోచ్ బంతిని ఒక పక్కకు ఊపగానే వెనక కాలిని నేలలో గుచ్చి, ఆ పక్కకు దూకాలి. కాలు గుచ్చినప్పుడు పాదం అర అంగుళం జారితే చాలు, కోచ్ ఈల ఊదుతాడు, మళ్లీ మొదటినుంచి. గడ్డి మీద బూటు గుచ్చుకున్న చోట చిన్న పెళ్ల లేస్తుంది. చూస్తున్నంతసేపూ అదే పని, అదే పెళ్ల. ఎండలో చెమటలు కక్కుతూ చేసే ఆ ఒక్క అడుగు మ్యాచ్‌లో తప్పిందా, టీవీలో మనకు కనిపించేది రిసీవర్‌కు రెండు గజాలు వెనకబడిన మనిషి.

కాలేజీ నుంచి ఎన్ఎఫ్ఎల్‌కు (వృత్తి జట్ల లీగు) రావడంలో ఒక పెద్ద చిక్కు నియమాల్లో ఉంది. చాలామంది అభిమానులు దీన్ని పట్టించుకోరు. కాలేజీలో పాస్‌కు అడ్డుపడే తప్పు చేస్తే శిక్ష గరిష్ఠంగా 15 గజాలు. ఎన్ఎఫ్ఎల్‌లో తప్పు ఎక్కడ జరిగితే బంతి అక్కడికే. 45 గజాల అవతల ఒక్కసారి చొక్కా లాగితే 45 గజాలూ ప్రత్యర్థికి దానం. కాలేజీలో ఐదు గజాల గీత లేదు. ఎన్ఎఫ్ఎల్‌లో 1978 నుంచి, ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను తాకి దారి మళ్లించడం తప్పు. కాలేజీ మైదానంలో మధ్య గుర్తుల వరసలు 40 అడుగుల దూరంలో ఉంటాయి కాబట్టి, ఆట ఒక అంచుకు దగ్గరగా మొదలైనప్పుడు ఆ పక్కనున్న కార్నర్‌కు గీతే ఒక తోడు. ఎన్ఎఫ్ఎల్‌లో ఆ దూరం 18 అడుగుల 6 అంగుళాలే. ఆట దాదాపు ఎప్పుడూ మైదానం నడిమధ్య నుంచి మొదలవుతుంది, కార్నర్‌కు రెండు పక్కలా ఖాళీయే. ఇన్నేళ్లుగా పసితనం నుంచి చేతుల్లో నిండిన అలవాటును ఏప్రిల్ చివర డ్రాఫ్ట్ ముగిశాక సెప్టెంబరు లోపు మార్చుకోవాలి. చేతులు వాడితే రిఫరీ విసిరే తప్పు జెండా, వాడకపోతే టచ్‌డౌన్. రూకీ (తొలి ఏడాది) కార్నర్ ప్రతి ఆదివారం ఈ రెండింటి మధ్య నలుగుతాడు. అందులోనూ ప్రతి క్వార్టర్‌బ్యాక్ అనుభవజ్ఞుడైన కార్నర్‌ను వదిలి కొత్తవాడి వైపే బంతి విసురుతాడు. విసరకపోతే వాడికి బుద్ధి లేనట్టే.

కవరేజీ అనేది కార్నర్ ఒక్కడి చేతిలో ఉన్న పని కూడా కాదు. ముందు వరసలోని ఆటగాళ్లు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకుపోతే బంతి రెండున్నర సెకన్లలో చేయి దాటుతుంది. వాళ్లు ఆగిపోతే నాలుగు సెకన్లు పడుతుంది. ఆ అదనపు సెకనున్నరలో ఏ కార్నర్ అయినా దెబ్బతింటాడు. 2023 అక్టోబరు 31న వాషింగ్టన్ ఏం చేసింది? మొదటి రౌండ్‌లో తెచ్చుకున్న, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే ఇద్దరు రషర్లను ఒకే రోజు అమ్మేసింది. మాంటెజ్ స్వెట్ షికాగోకు, చేజ్ యంగ్ శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోయారు. భవిష్యత్తు కోసం అది మంచి బేరమే కావచ్చు, నేను కాదనను. కానీ ఆ తర్వాతి ఆదివారాల్లో వెనక నిలబడ్డ కుర్రాడికి ఆ బేరం ఏ రేటున తగులుతుందో ఎవరూ లెక్కగట్టలేదు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ రోజున డాలస్ చేతిలో 45-10. ఆ మ్యాచ్‌లోనే డాలస్ కార్నర్ డరాన్ బ్లాండ్ ఆ సీజనులో ఐదోసారి ఇంటర్‌సెప్షన్‌ను టచ్‌డౌన్‌గా మార్చి ఎన్ఎఫ్ఎల్ రికార్డు సృష్టించాడు. కాలేజీలో అదే విద్యకు రికార్డు పెట్టిన ఫోర్బ్స్ మన జట్టులో ఉండగా! బ్లాండ్ ఐదో రౌండ్‌లో వచ్చినవాడు. మర్నాడు డిఫెన్సివ్ కోఆర్డినేటర్ జాక్ డెల్ రియోను, డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్‌ను ఇద్దరినీ తీసేశారు. అంటే ఫోర్బ్స్‌కు అడుగు అడుగూ నేర్పే మనిషే సీజను మధ్యలో పోయాడు. డిఫెన్సు పగ్గాలు హెడ్ కోచ్ రాన్ రివెరా తీసుకున్నాడు. జనవరిలో ఆయనా పోయాడు. 2024లో హెడ్ కోచ్‌గా డాన్ క్విన్, డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా జో విట్ వచ్చారు, మళ్లీ కొత్త పాఠం. ఏడాది తిరగకుండా ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. 2023లో జట్టు మొత్తం ఇచ్చిన పాయింట్లు 518, లీగులో అందరికంటే ఎక్కువ. ఇన్ని పాయింట్లు ఇచ్చిన ఇంట్లో దోషి ఒక్క 22 ఏళ్ల కుర్రాడని ఎలా నమ్ముతాం?

ఫోర్బ్స్ ఒక్కడి ఉదాహరణ పట్టుకుని సిద్ధాంతం కట్టడం సరికాదనేవాళ్లకు 2020 డ్రాఫ్ట్ చూపిస్తాను. ఆ ఏడాది మొదటి రౌండ్‌లోనే ఆరుగురు కార్నర్లను తీసుకున్నారు. కోవిడ్ వల్ల వేసవి సాధన తెర మీదే సాగింది, ప్రీసీజన్ మ్యాచ్‌లు పూర్తిగా రద్దయ్యాయి. కుర్రాళ్లు నేరుగా సెప్టెంబరు మంటల్లో దిగారు. మూడో స్థానంలో డెట్రాయిట్‌కు వెళ్లిన జెఫ్ ఒకూడా తొలి ఏడాది తడబడ్డాడు, హెడ్ కోచ్‌ను నవంబరులో తీసేశారు, ఒకూడాకు డిసెంబరులో శస్త్రచికిత్స. రెండో ఏడాది మొదటి మ్యాచ్‌లోనే మడమ వెనక స్నాయువు తెగింది. 2023లో ఐదో రౌండ్‌లో ఒక ఆటగాడిని ఎంచుకునే హక్కు ఒక్కదానికి అట్లాంటాకు పంపేశారు. అదే 2020లో అట్లాంటా 16వ స్థానంలో ఏ.జె. టెరెల్‌ను తీసుకుంది. జట్టు 4-12తో (4 గెలుపులు, 12 ఓటములు) ముగిసిన ఏడాది అది, అతనికీ ఏమీ పూలదండలు పడలేదు. మరుసటి ఏడాదే రెండో జట్టు ఆల్-ప్రో (లీగులో ఆ ఏటి మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవం) అయ్యాడు. తొలి ఏడాది ఫిల్ము పక్కపక్కన పెట్టి చూసిన ఏ అభిమాని అయినా ఈ ఇద్దరి దారులు ఇంతగా విడిపోతాయని చెప్పగలిగేవాడా? నేనైతే చెప్పలేకపోయేవాడిని.

హ్యూస్టన్ సంగతి ఇంకా బాగుంటుంది. 2022లో మూడో స్థానంలో డెరెక్ స్టింగ్లీ జూనియర్‌ను తీసుకున్నారు. వెంటనే నాలుగో స్థానంలో న్యూయార్క్ జెట్స్ సాస్ గార్డనర్‌ను తీసుకుంది. గార్డనర్ తొలి ఏడాదే ఆల్-ప్రో, డిఫెన్సులో ఉత్తమ రూకీ. స్టింగ్లీ 9 మ్యాచ్‌లు ఆడి తొడ కండరం పట్టేసి ఇంట్లో కూర్చున్నాడు. ఆ చలికాలమంతా హ్యూస్టన్ వాళ్లు తలబాదుకున్నారు. రెండేళ్ల తర్వాత, 2024లో, స్టింగ్లీ మొదటి జట్టు ఆల్-ప్రో. 2025 మార్చిలో మూడేళ్లకు 9 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అప్పటికి కార్నర్లలో ఎవరికీ అంత రేటు లేదు.

వీళ్లందరిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ పాతది. నామ్డీ అసొముగా. 2003లో ఓక్లండ్ రైడర్స్ మొదటి రౌండ్‌లో తెచ్చుకున్నారు. కాలేజీలో సేఫ్టీగా ఆడినవాడు కార్నర్ విద్య కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మొదటి మూడు సీజన్లలో ఇంటర్‌సెప్షన్లు సున్నా. ఇవాళ అయితే మొదటి సీజను సగానికే అతన్ని ఆటపట్టించే బొమ్మలు ఫోనుల్లో తిరిగేవి. 2006లో, నాలుగో ఏట, 8 తీశాడు. ఆ తర్వాత కొన్నేళ్లు క్వార్టర్‌బ్యాక్‌లు అతని వైపు బంతి విసరడమే మానేశారు. కథ అక్కడ ఆగితే నీతికథ అయిపోయేది, అదృష్టవశాత్తూ ఆగలేదు. 2011లో భారీ ఒప్పందంతో ఫిలడెల్ఫియాకు వెళ్లాడు. ఓక్లండ్‌లో ఒకే పక్కన నిలబడి రిసీవర్‌ను మొదటి అడుగులోనే పట్టేసే మనిషిని అక్కడ రకరకాల చోట్ల, రకరకాల పనుల్లో తిప్పారు. రెండు సీజన్లకే వదిలేశారు. మనిషి అదే, కాళ్లు అవే. చేయమన్న పని మారింది. ఫోర్బ్స్ గురించి మాట్లాడేటప్పుడు నేను స్టింగ్లీ కన్నా అసొముగాను ఎక్కువగా తలుచుకునేది ఇందుకే.

ఇక మన అభిమానుల ఓపిక అసలు దేనిమీద ఆధారపడుతుందో చెప్పడానికి మా జట్టులోనే ఇంకో రూకీ ఉన్నాడు. 2024 రెండో రౌండ్‌లో, 50వ స్థానంలో వచ్చిన మైక్ సేన్‌రిస్టిల్. హైతీలో పుట్టినవాడు, మిషిగన్‌లో రిసీవర్‌గా మొదలై 2022లో కార్నర్ అయినవాడు. పొట్టివాడు కాబట్టి మైదానం లోపలి స్థానంలో ఆడతాడని అనుకున్నారు. సీజను మొదలయ్యాక బయటి అంచుకు పంపారు. తొలి వారాల్లో వాషింగ్టన్ కవరేజీ ఏమీ మెరుగుపడలేదు. సెప్టెంబరు 23న సిన్సినాటిలో వాళ్ల రిసీవర్ జమార్ ఛేజ్ 118 గజాలు, 2 టచ్‌డౌన్లు కొట్టాడు. ఏడాది క్రితమైతే మర్నాడు ఆష్‌బర్న్‌లో టీ కొట్ల దగ్గర కార్నర్లకు దినం పెట్టేవాళ్లు. ఈసారి ఆ ఊసే లేదు. ఎందుకంటే ఆ రాత్రి మా క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ 23 పాస్‌లు విసిరి 21 పూర్తిచేశాడు, మనం 38-33తో గెలిచాం. సేన్‌రిస్టిల్‌కు నేర్చుకునే వ్యవధి దొరికింది. జనవరిలో డెట్రాయిట్‌లో, ప్లేఆఫ్ మ్యాచ్‌లో, 15 గెలిచిన జట్టును వాళ్లింట్లోనే 45-31తో ఓడించినప్పుడు అతను రెండు ఇంటర్‌సెప్షన్లు తీశాడు.

నేను చెప్పదలిచింది ఇదే. రూకీ కార్నర్ మీద మనం చూపే ఓపికకు, ఆ రూకీ ఆటకు సంబంధం చాలా తక్కువ. దానికి సంబంధం మన క్వార్టర్‌బ్యాక్ ఎన్ని పాయింట్లు కొట్టాడన్న దానితోనే. గెలుస్తున్న జట్టులో తప్పు చేసిన కుర్రాడు "నేర్చుకుంటున్నాడు". 4-13 జట్టులో అదే తప్పు చేసినవాడు "దండగ". సేన్‌రిస్టిల్ దొరికిన అవకాశాన్ని నిలబెట్టుకున్నాడు, ఆ ఘనత పూర్తిగా అతనిదే. ఫోర్బ్స్‌కు ఆ అవకాశం ఇచ్చినా నిలబెట్టుకునేవాడని నేను ప్రమాణం చేయలేను. కానీ ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచామని మాత్రం ఎవరూ నా దగ్గర చెప్పవద్దు.

అంటే ఎప్పటికీ నోరు మూసుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. నాకు ఓపిక పోయే సందర్భాలు ఉన్నాయి. క్యాచ్ ఇచ్చాక రిసీవర్‌ను పడగొట్టడానికి ఒళ్లు దాచుకునేవాడిని రూకీ అయినా క్షమించను, దానికి అనుభవం అవసరం లేదు. సెప్టెంబరులో రిసీవర్‌ను వదిలి క్వార్టర్‌బ్యాక్ వైపు చూసి దెబ్బతిన్నవాడు డిసెంబరులో కూడా అదే దృశ్యం చూపిస్తే, అప్పుడు కోచ్‌నూ అతన్నీ కలిపే నిలదీస్తాను. కోట్లు తీసుకుంటున్నారు కాబట్టి తిట్టే హక్కు ఉందనే వాదన కూడా విన్నాను. ఉంది, వాడుకోండి. అయితే ఆ కోట్ల ఒప్పందం ఏం చెబుతోందో కూడా చదవండి. మొదటి రౌండ్ ఆటగాడికి నాలుగేళ్ల ఒప్పందం ఉంటుంది, ఐదో ఏడు కావాలో వద్దో జట్టు మూడో సీజను ముగిశాక చెప్పాలి. డబ్బు పెట్టేవాళ్లే తేల్చుకోవడానికి మూడు సీజన్లు అడిగి రాయించుకున్నారు. సోఫాలో కూర్చున్న మనకు ఐదు వారాలకే తేలిపోతోంది.

ఇక్కడ ఎప్పుడూ ఒక పేరు అడ్డొస్తుంది. క్రిస్టియన్ గొంజాలెజ్. ఫోర్బ్స్‌ను తీసుకున్న వెంటనే, 17వ స్థానంలో న్యూఇంగ్లండ్ తీసుకున్న కార్నర్. మొదటి నెలే తన కాన్ఫరెన్సులో (లీగులో సగం జట్ల గుంపు) ఆ నెల ఉత్తమ డిఫెన్సివ్ రూకీ అనిపించుకున్నాడు, 2024లో రెండో జట్టు ఆల్-ప్రో. అతన్ని కాదని ఇతన్ని తెచ్చారన్న కడుపుమంట నాకూ ఉంది. అయితే అది డ్రాఫ్ట్ గదిలో కూర్చున్నవాళ్లతో తేల్చుకోవలసిన గొడవ. ఫోర్బ్స్ తనను 16వ స్థానంలో తీసుకోమని ఎవరినీ బతిమాలలేదు. పక్కింటి కుర్రాడికి ఐఐటీ సీటు వచ్చిందని మనింటి కుర్రాడిని రోజూ సాధించే పెద్దలను చూస్తూనే పెరిగాం, అదే పని ఇక్కడికొచ్చి డాలర్లు కట్టి చేస్తున్నాం.

వాషింగ్టన్ వదిలేశాక లాస్ ఏంజెలిస్ రామ్స్ ఫోర్బ్స్‌ను తీసుకున్నారు. 2025లో అక్కడ స్టార్టర్‌గా ఆడాడు. గొప్ప కార్నర్ అయిపోయాడని నేను అనను. కొన్ని వారాలు బాగున్నాడు, కొన్ని వారాలు పాత బాధలే. బరువు పెద్ద రిసీవర్లు ఇప్పటికీ అతన్ని నెట్టేస్తారు. కానీ ప్లేఆఫ్‌లకు పోటీపడే జట్టు అతన్ని మైదానంలో నిలబెట్టింది. మా ఊళ్లో ఐదు మ్యాచ్‌లకే ముగిసిందన్న కథలో ఈ పేజీ ఉండకూడదు.

ఈ మాటే బాబాయి గారితో అన్నాను. ఆయన టోపీ సర్దుకుని, "ఆడక చస్తాడా అబ్బాయ్! అక్కడ ముందు వరసలో జారెడ్ వర్స్ ఉన్నాడు, బైరన్ యంగ్ ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్‌కు ఊపిరాడనివ్వరు. వెనక ఎవడు నిలబడ్డా ఆడతాడు" అన్నారు.

"అదే కదా బాబాయ్, నేను 2023 నుంచి మొత్తుకుంటున్నది."

ఆయన ఒప్పుకోలేదు. 2025లో రెండో రౌండ్‌లో వచ్చిన మా కొత్త కార్నర్ ట్రే ఏమోస్ సంగతి ఏమిటో ముందు తేల్చమన్నారు. ఇంకా ఒక్క పూర్తి సీజను కూడా ఆడలేదు కదా అన్నాను. "అయితే ఏం, నాకు తెలిసిపోయింది" అన్నారు.